ఒక్క కుర్రాడి కోసం పది కాలేజీలు: అమెరికా కాలేజీ కుస్తీలో రిక్రూటింగ్

2017 మార్చి. పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణంలో హైస్కూల్ రాష్ట్ర కుస్తీ పోటీల ఫైనల్ జరుగుతోంది. 126 పౌండ్ల తరగతిలో ఒకవైపు స్పెన్సర్ లీ. హైస్కూల్‌లో అప్పటిదాకా ఓటమి ఎరగడు. అప్పటికే చిన్న వయసు విభాగాల్లో మూడుసార్లు ప్రపంచ చాంపియన్. మోకాలి లిగమెంట్ తెగి ఉన్నా బరిలోకి దిగాడు. ఎదురుగా ఆస్టిన్ డిశాంటో. బౌట్ ఇక ముగిసిపోతుందనగా, చివరి క్షణాల్లో డిశాంటో లీని కిందికి లాగి పాయింట్లు కొట్టాడు. హాలంతా లేచి నిలబడింది. రాష్ట్రం మొత్తం అజేయుడనుకున్న కుర్రాడు తన ఆఖరి హైస్కూల్ బౌట్‌లో ఓడిపోయాడు.

అప్పటికే లీ అయోవా విశ్వవిద్యాలయానికి మాట ఇచ్చి ఉన్నాడు. ఆ ఓటమి చూసి అయోవా వెనక్కి తగ్గలేదు. లీ 2018, 2019, 2021లో జాతీయ కాలేజీ చాంపియన్ అయ్యాడు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచాడు. మరి అతన్ని ఓడించిన డిశాంటో? అతను ముందు డ్రెక్సెల్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో చేరాడు. ఏడాది తిరిగేసరికి అతనూ అయోవాకే మారాడు. హెర్షీలో ఒకరి మీద ఒకరు పడి పోరాడిన ఇద్దరూ ఒకే ప్రాక్టీస్ గదిలో, ఒకే జట్టు బట్టల్లో చెమటోడ్చారు. డిశాంటో కూడా జాతీయ స్థాయిలో మొదటి ఎనిమిదిమందిలో నిలిచే ఆటగాడయ్యాడు.

అమెరికా కాలేజీ కుస్తీలో రిక్రూటింగ్ ఎలా నడుస్తుందో అర్థం కావడానికి ఈ ఒక్క కథ చాలు. ప్రతిభ ఉన్నవాళ్లు చివరికి ఒకే గదికి ఎందుకు చేరుతున్నారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. అమెరికా కాలేజీల్లో ఆడేది ఒలింపిక్స్‌లో కనిపించే ఫ్రీస్టైల్ కాదు, ఫోక్‌స్టైల్. ప్రత్యర్థిని కింద పడేస్తే పని అయిపోదు, లేవకుండా అదిమిపట్టాలి. ఎంతసేపు పట్టి ఉంచావన్నదానికి కూడా పాయింటు ఉంటుంది. 125 పౌండ్ల నుంచి 285 దాకా పది బరువు తరగతులు, ఒక్కో తరగతికి జట్టు నుంచి ఒక్కడే. డివిజన్ 1 అనే అత్యున్నత స్థాయిలో కుస్తీ నడిపే కాలేజీలు మొత్తం ఎనభై లోపే. దేశమంతటా హైస్కూళ్లలో లక్షల్లో పిల్లలు కుస్తీ పడుతున్నారు. ఈ ఆటకు మన క్రికెట్‌లాగానో, వాళ్ల ఫుట్‌బాల్‌లాగానో డబ్బు కురిపించే ప్రొఫెషనల్ లీగ్ చరిత్ర లేదు. కాబట్టి మంచి కుస్తీ కుర్రాడికి పదిహేడు, పద్దెనిమిదేళ్లకు తీసుకునే కాలేజీ నిర్ణయమే జీవితంలో పెద్ద మలుపు.

కోచ్‌లకు ఆ నిర్ణయం ఇంకా పెద్దది. ఎందుకో తెలియాలంటే లెక్క చూడాలి.

సీజన్ చివర మార్చిలో జాతీయ పోటీలు జరుగుతాయి. ఒక్కో బరువులో 33 మంది, మొత్తం 330 మంది. మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవాళ్లను ఆల్ అమెరికన్ అంటారు. ఒక బరువులో చాంపియన్ అయినవాడు తన స్థానానికి 16, మధ్యలో గెలిచిన బౌట్లకు ఒక్కోటి చొప్పున 4, మొత్తం 20 పాయింట్లు జట్టుకు తెస్తాడు. ప్రత్యర్థి వీపును మ్యాట్‌కు ఆనించి గెలిస్తే ప్రతి బౌట్‌కూ ఇంకో 2 పాయింట్లు అదనం. ఎనిమిదో స్థానంలో నిలిచినవాడికి స్థానం కింద దక్కేవి 3 మాత్రమే. అంటే నిజమైన చాంపియన్ ఒక్కడు, అంచుల్లో గట్టెక్కిన నలుగురైదుగురితో సమానం. నలుగురు చాంపియన్లున్న జట్టు మిగతా ఆరు బరువుల్లో మామూలుగా ఆడినా కప్పు దరిదాపుల్లో ఉంటుంది.

2017లో పెన్ స్టేట్ (పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం) చేసింది సరిగ్గా ఇదే. 149, 157, 165, 174, 184 పౌండ్లు, వరసగా ఐదు బరువుల్లో ఐదుగురు ఫైనల్‌కు వచ్చారు, ఐదుగురూ గెలిచారు. వాళ్లలో మార్క్ హాల్ అప్పుడే హైస్కూల్ దాటి వచ్చినవాడు, మొదటి ఏడాది విద్యార్థి. మినెసోటాలో ఆరుసార్లు రాష్ట్ర చాంపియన్‌గా నిలిచి, దేశంలో ప్రతి కోచ్ నోటా నానిన పేరు. ఐదుగురినీ ఏరి తెచ్చుకున్న ఆ పని అంతకు మూడు నాలుగేళ్ల ముందే మొదలైంది.

పదిహేనుమంది కలిసి ఆడే ఆటలో ఒక గొప్ప ఆటగాణ్ని తెస్తే ఫలితం కొంచెం మారుతుంది. కుస్తీలో ఒక్కణ్ని తెస్తే జట్టు స్కోరులో పెద్ద ముక్కే మారిపోతుంది. అందుకే దేశంలో మొదటి ఇరవైమంది హైస్కూల్ కుర్రాళ్ల కోసం ఇంత పోటీ.

ఈ పోటీ బయటికి కనపడే రోజు ఒకటుంది. టెన్త్ పూర్తిచేసిన ఏడాది జూన్ 15. అప్పటిదాకా కాలేజీ కోచ్‌లు పిల్లవాడితో నేరుగా రిక్రూటింగ్ మాట్లాడకూడదు. ఆ తేదీ రాగానే అర్ధరాత్రి నుంచే ఫోన్లు మోగుతాయి. మన దగ్గర పదో తరగతి ఫలితాలు రాగానే టాపర్ల ఇళ్లకు జూనియర్ కాలేజీల పీఆర్వోలు వెళ్లడం, ఫీజు మాఫీ, హాస్టల్ ఫ్రీ అని తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడడం ఎలాగో, ఇదీ దాదాపు అలాగే. తేడా ఒక్కటే. ఇక్కడ మార్కుల లిస్టు ఒక్క పరీక్షది. అక్కడ కోచ్ ఆ పిల్లవాణ్ని మూడేళ్లుగా గ్యాలరీలో కూర్చుని చూస్తూనే ఉంటాడు.

ఎక్కడ చూస్తాడు? జూలైలో నార్త్ డకోటాలోని ఫార్గోలో జరిగే జాతీయ జూనియర్ పోటీల్లో. ఒహాయోలో డిసెంబరులో జరిగే ఐరన్‌మ్యాన్ అనే హైస్కూల్ కుస్తీ పోటీల్లో. నార్త్ కరోలినాలో జరిగే సూపర్ 32లో. రాష్ట్ర చాంపియన్ అన్న మాటకు అన్ని రాష్ట్రాల్లో ఒకే విలువ ఉండదు. పెన్సిల్వేనియాలో, ఒహాయోలో, న్యూజెర్సీలో ఐదో స్థానం వచ్చినవాడు చాలా రాష్ట్రాల్లో మొదటివాణ్ని సునాయాసంగా పడగొడతాడు. అందుకే రాష్ట్రాలు కలిసే ఈ పోటీలకే కోచ్‌లు ఎక్కువ విలువ ఇస్తారు.

కోచ్ చూసేది స్కోరు ఒక్కటే కాదు. 2 పాయింట్లు వెనకబడి, ఇంకో నలభై సెకన్లే మిగిలి ఉన్నప్పుడు ఆ కుర్రాడు ఏం చేస్తాడు? కాళ్లు ఆడిస్తూ ముందుకు వెళ్తాడా, రిఫరీ వైపు చూస్తాడా? ఓడిపోయాక చేయి కలిపి మ్యాట్ దిగుతాడా, తలకు పెట్టుకున్న హెడ్‌గేర్ విసిరేస్తాడా? అరగంట తర్వాత మూడో స్థానం కోసం మళ్లీ ఆడాల్సి వచ్చినప్పుడు ఒంట్లో కసి మిగిలి ఉందా? జాతీయ పోటీల్లో జట్టుకు వచ్చే పాయింట్లలో చాలా భాగం ఇలా ఒకసారి ఓడి, మళ్లీ లేచి ఆడినవాళ్లు తెచ్చేవే. స్టార్ అన్న పేరుతో వచ్చి మొదటి ఓటమికే డీలా పడిపోయే కుర్రాడి వల్ల జట్టుకు ఒరిగేది తక్కువ.

అన్నిటికంటే కష్టమైన అంచనా బరువు. పదహారేళ్ల కుర్రాడు 120 పౌండ్లుంటాడు. ఇరవై ఏళ్లకు ఎంత అవుతాడు? 133 అవుతాడా, 157 అవుతాడా? ఇది జాతకం చెప్పడం లాంటిది, కానీ చెప్పక తప్పదు. అయోవాలో ఇప్పటికే 133 పౌండ్లకు ఇద్దరు గట్టివాళ్లుంటే మూడోవాడు అక్కడికి వచ్చి బెంచ్ మీద కూర్చోడు. తండ్రి ఎంత పొడుగు, అన్న ఎంత బరువు, పాదాల సైజు ఎంత అని అడిగే కోచ్‌ల ఆరా వెనక కారణం ఇదే. ఎదగాల్సిన పిల్లవాణ్ని తక్కువ బరువులో బిగించి ఉంచడం ఎంత ప్రమాదమో ఈ ఆట చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1997 చివర్లో కొద్ది వారాల తేడాతో ముగ్గురు కాలేజీ కుస్తీ విద్యార్థులు బరువు తగ్గించుకునే ప్రయత్నంలో ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే నియమాలు మారాయి. ప్రతి ఆటగాడూ సురక్షితంగా దిగగలిగే కనీస బరువును సీజన్ ముందే తేల్చడం, ఒంట్లో నీటి శాతం పరీక్షించడం తప్పనిసరి అయ్యాయి. అందుకని ఇవాళ్టి తెలివైన కోచ్ కుర్రాణ్ని తన ఖాళీ బరువుకు కుదించడు. అతను ఎదిగే బరువు ఏదో ఊహించి, ఆ బరువు ఖాళీ అయ్యే ఏడాదికి తెచ్చుకుంటాడు. చాలామంది మొదటి ఏడాది అధికారిక పోటీలు ఆడకుండా రెడ్‌షర్ట్‌లో ఉండేదీ ఇందుకే. ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడే వీలుంటుంది కాబట్టి ఆ ఏడాది ఒళ్లు పెంచుకోవడానికి, కాలేజీ వేగానికి అలవాటు పడడానికి పనికొస్తుంది.

ఇక గది విషయం.

కుస్తీ ఒంటరిగా నేర్చుకునే విద్య కాదు. బాస్కెట్ బాల్ పట్టుకుని ఎవరూ లేని కోర్టులో వెయ్యిసార్లు షాట్లు వేసుకోవచ్చు. కుస్తీలో రోజూ ఎదురుగా ఒక ఒళ్లు ఉండాలి, అది తనకంటే గట్టిదై ఉండాలి. హైస్కూల్‌లో రెండొందల బౌట్లు గెలిచిన కుర్రాడి సమస్యే అది. తన ఊళ్లో తనను పడగొట్టేవాడు ఎవడూ మిగలడు. అతను కాలేజీని చూడ్డానికి వచ్చినప్పుడు స్టేడియం ఎంత పెద్దదో, హాస్టల్ గది ఎంత బాగుందో అని చూడడు. మధ్యాహ్నం ప్రాక్టీస్ గదికి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఆవిరి పట్టిన గాలి, రబ్బరు మ్యాట్ మీద బూట్ల కీచుమోత, గోడలకు కట్టిన మెత్తలకు ఒళ్లు తగిలే చప్పుడు. తన బరువువాడు ఎవరితో పట్టు కలుపుతున్నాడో చూస్తాడు. అక్కడ ఒలింపిక్స్‌కు తయారవుతున్నవాడు ఒకడు కనిపిస్తే ఆ కుర్రాడి మనసులో కాలేజీ దాదాపు ఖాయమైపోతుంది.

పెద్ద ప్రోగ్రామ్‌ల పక్కనే ట్రైనింగ్ క్లబ్బులు వెలిసింది ఇందుకే. చదువు ముగిసిన ప్రపంచ స్థాయి మల్లయోధులు ఆ క్లబ్బుల్లో ఉండి, అదే ఊళ్లో కాలేజీ కుర్రాళ్లతో కలిసి సాధన చేస్తారు. పెన్ స్టేట్‌కు నిటనీ లయన్ క్లబ్, అయోవాకు హాకై క్లబ్. చందాలతో నడిచే ఈ క్లబ్బులే రిక్రూటింగ్‌లో పెద్ద ఆకర్షణ.

ఇది ఎంత వేగంగా పేరుకుపోతుందో పెన్ స్టేట్ చూపించింది. కేల్ శాండర్సన్ అయోవా స్టేట్‌లో (ఇది అయోవా విశ్వవిద్యాలయం కాదు, అదే రాష్ట్రంలోని వేరే కాలేజీ) ఆటగాడిగా 159 బౌట్లలో ఒక్కటీ ఓడకుండా నాలుగు టైటిళ్లు గెలిచినవాడు, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ స్వర్ణ విజేత. అక్కడే కోచ్‌గా ఉంటూ 2009లో పెన్ స్టేట్‌కు మారాడు. అయోవా స్టేట్‌కు మాట ఇచ్చిన ఒహాయో కుర్రాడు డేవిడ్ టేలర్ ఆ కాలేజీని వదిలి శాండర్సన్ వెంట నడిచాడు. రెండేళ్లలో, 2011లో, పెన్ స్టేట్ కప్పు గెలిచింది. అప్పటి నుంచి 2025 దాకా జరిగిన పద్నాలుగు జాతీయ పోటీల్లో పన్నెండు పెన్ స్టేట్‌వే. మధ్యలో 2015 ఒహాయో స్టేట్‌కు, 2021 అయోవాకు దక్కాయి, కోవిడ్ వల్ల 2020లో పోటీలు జరగలేదు. 2025లో పదిమందిని దించితే పదిమందీ ఆల్ అమెరికన్లయ్యారు, జట్టు స్కోరు 177. అంతకుముందు డాన్ గేబుల్ కోచ్‌గా ఉన్న రోజుల్లో అయోవాలో జరిగిందీ ఇదే. 1976 నుంచి 1997 దాకా పదిహేను టైటిళ్లు. మంచివాళ్లున్న గదికి మంచివాళ్లు వస్తారు, వాళ్లను చూసి ఇంకా మంచివాళ్లు వస్తారు. కోచ్ ఎంత కష్టపడ్డాడన్నదానికంటే, మొదటి ఇద్దరు ముగ్గురిని సరిగ్గా పట్టుకున్నాడా లేదా అన్నదే ఇక్కడ లెక్క.

స్కాలర్‌షిప్ లేకుండానే ఈ పని చేసి చూపించిన కాలేజీ ఒకటుంది, కార్నెల్. అది ఐవీ లీగ్ అనే ప్రతిష్ఠాత్మక కాలేజీల కూటమిలో ఒకటి. ఆ కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం. పైగా అడ్మిషన్‌కు మార్కులు ఉండాలి. అయినా కైల్ డేక్ అక్కడే చేరి 2010 నుంచి 2013 దాకా నాలుగేళ్లు, నాలుగు వేర్వేరు బరువుల్లో చాంపియన్ అయ్యాడు. పిల్లవాడు కుస్తీ పడుతున్నా తల్లిదండ్రుల కళ్లు చదువు మీదే ఉండే ఇళ్లకు, న్యూజెర్సీలోనూ పెన్సిల్వేనియాలోనూ స్థిరపడిన తెలుగు ఇళ్లతో సహా, ఈ దారి గురించి తెలిసి ఉండడం మంచిది.

ర్యాంకులను ఎంత నమ్మాలి? హైస్కూల్ కుర్రాళ్లకు దేశవ్యాప్తంగా ర్యాంకులు ఇచ్చే వెబ్‌సైట్లున్నాయి. చాలావరకు వాటి అంచనా తప్పదు, మొదటి పదిమందిలో చాలామంది కాలేజీలోనూ రాణిస్తారు. కానీ తప్పినచోట్ల తప్పిన తీరు గమనించాలి. జోర్డన్ బరోస్ న్యూజెర్సీలో ఒక్కసారే, అదీ ఆఖరి ఏడాది, రాష్ట్ర చాంపియన్ అయ్యాడు. నెబ్రాస్కాలో మొదటి సీజన్ అతని లెక్క 16 గెలుపులు, 13 ఓటములు. ఆ దశలో అతణ్ని చూసి లండన్ ఒలింపిక్స్ స్వర్ణం ఊహించినవారెవరు? 2009, 2011లో కాలేజీ టైటిళ్లు, 2012లో ఒలింపిక్ స్వర్ణం, అటుపైన ప్రపంచ టైటిళ్లు కూడా.

ఆంథొనీ రోబల్స్ కథ వింటే మనసు కలుక్కుమంటుంది. పుట్టుకతోనే ఒక కాలు లేదు. అరిజోనాలో హైస్కూల్ చివరి రెండేళ్లలో 96 బౌట్లు ఆడి అన్నీ గెలిచాడు. అయినా పెద్ద ప్రోగ్రామ్‌లు వరస కట్టలేదు. ఒంటికాలి మీద కాలేజీలో నిలుస్తాడా అన్న అనుమానం, దానికి తోడు చిన్న ఒళ్లు. సొంత రాష్ట్రంలోని అరిజోనా స్టేట్ చేర్చుకుంది. 2011 ఫైనల్‌లో అప్పటి చాంపియన్, అయోవా ఆటగాడు మాట్ మెక్‌డొనోను 7-1తో ఓడించాడు. ఆ సీజన్‌లో 36 బౌట్లు, 36 గెలుపులు. ఒక కాలు లేనందువల్ల పైభాగానికే బరువంతా చేరి, 125 పౌండ్ల తరగతిలో ఎవరికీ లేనంత పట్టు బలం అతనిదైంది. కోచ్‌లు లోటుగా చూసిందే బరిలో అతని బలం అయింది. 96 గెలుపులు కళ్ల ముందు ఉండగా ఇన్ని కాలేజీలు తల తిప్పుకోవడాన్ని పొరపాటు అని సరిపెట్టలేం. అది చూపు లోపం.

డబ్బు ఈమధ్యే ఈ లెక్కలోకి గట్టిగా వచ్చింది. 2025 దాకా డివిజన్ 1 కుస్తీ జట్టు మొత్తానికి 9.9 స్కాలర్‌షిప్‌లే పరిమితి. ముప్పైమంది ఉన్న గదిలో పది కూడా లేవు. ఒకరికి పూర్తిగా, ఇంకొకరికి సగం, మరొకరికి పుస్తకాల ఖర్చు. కోచ్ పని సగం ఈ పంపకమే. సొంత రాష్ట్రం కుర్రాడికి ఫీజు తక్కువ కాబట్టి పెన్సిల్వేనియాలాంటి కుస్తీ గడ్డ మీద ఉన్న కాలేజీకి అదే డబ్బు ఎక్కువమందికి సరిపోయేది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకుని సంపాదించుకునే హక్కు వచ్చింది, దాన్నే ఎన్ఐఎల్ అంటున్నారు. 2025 జూన్‌లో జడ్జి క్లౌడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో (కాలేజీ ఆటగాళ్లు వేసిన ‘హౌస్’ అనే కేసులో కుదిరింది) స్కాలర్‌షిప్ పరిమితి పోయింది. దాని బదులు జట్టులో 30 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. ఒప్పందంలో చేరిన కాలేజీలు ఆ ముప్పైమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, ఇవి కాక నేరుగా డబ్బు కూడా చెల్లించవచ్చు.

పైకి ఇది పిల్లలకు మేలే. ఇన్నాళ్లూ ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకు సగం ఫీజుతో సరిపెట్టిన పద్ధతి పోవడం న్యాయం. కానీ ఇవ్వగలిగినవాళ్లు ఎవరు? ఫుట్‌బాల్‌తో కోట్ల డాలర్లు వచ్చే పెద్ద కాలేజీలు. ముప్పై సీట్ల నియమంతో నష్టపోయేది ఏ ఆఫర్ లేకుండా, సొంత ఖర్చుతో జట్టులో చేరి, రోజూ స్టార్ల చేతుల్లో పడి లేచే వాక్-ఆన్ కుర్రాళ్లు. ఆ గది అంత గట్టిదవడంలో వాళ్ల వాటా కూడా ఉంది. వాళ్లకు చోటు తగ్గడం మంచి సూచన కాదు.

దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. ఇప్పుడు ఆటగాడు ఏడాది కూర్చోకుండానే కాలేజీ మారొచ్చు. డేవిడ్ టేలర్ 2024లో ఓక్లహోమా స్టేట్ కోచ్ అయ్యాక ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి వయట్ హెండ్రిక్సన్ అక్కడికి వచ్చాడు. 2025 మార్చిలో హెవీవెయిట్ ఫైనల్‌లో టోక్యో ఒలింపిక్ స్వర్ణ విజేత గేబుల్ స్టీవ్సన్‌ను చివరి నిమిషంలో పడగొట్టి 5-4తో గెలిచాడు. కొత్త కోచ్‌కు మొదటి ఏడాదే చాంపియన్. పదిహేడేళ్లవాడు ఎలా ఎదుగుతాడో అని నాలుగేళ్లు ఎదురుచూసే బదులు, ఎక్కడో ఎదిగి నిరూపించుకున్న ఇరవై రెండేళ్లవాణ్ని తెచ్చుకోవడం కోచ్‌కు సులువు. అంటే డ్రెక్సెల్‌లాంటి చిన్న ప్రోగ్రామ్‌లు డిశాంటోలాంటివాళ్లను కనిపెట్టి తెచ్చుకున్నా, ఏడాదికే పెద్దవాళ్లకు అప్పగించాల్సి వస్తుంది. కనిపెట్టిన కష్టం ఒకరిది, ఫలం ఇంకొకరిది.

అమ్మాయిల కుస్తీలో మాత్రం పరిస్థితి వేరు. 2025 జనవరిలో దానికి జాతీయ చాంపియన్‌షిప్ హోదా వచ్చింది. గదులన్నీ ఇప్పుడిప్పుడే నిండుతున్నాయి, ఎవరి గదిలోనూ ముప్పై ఏళ్ల పేరు పేరుకుపోయి లేదు. ఇవాళ హైస్కూల్‌లో ఉన్న అమ్మాయికి అబ్బాయిలకు లేని అవకాశం ఇది: తను ఎంచుకున్న కాలేజీయే రేపటి పెద్ద గది కావచ్చు.

చిన్న ప్రోగ్రామ్‌ల మాటకు వస్తే, వాటి తల మీద కత్తి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. 2025 జనవరిలో క్లీవ్‌లాండ్ స్టేట్ కుస్తీని తీసేస్తున్నట్టు ప్రకటించింది. కుస్తీ కోచ్ ఒక కుర్రాడి ఇంట్లో కూర్చుని నాలుగేళ్ల ప్లాన్ చెబుతున్నప్పుడు, ఆ నాలుగేళ్లూ జట్టు ఉంటుందని తనే గట్టిగా చెప్పలేని కాలేజీలు చాలా ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌లాంటి సంపన్న విశ్వవిద్యాలయమే 2020 జూలైలో కుస్తీతో పాటు మరో పది ఆటలను ఆపేస్తామంది. అప్పటికే అక్కడ చేరిన న్యూజెర్సీ కుర్రాడు షేన్ గ్రిఫిత్ ఆ సీజన్ ఆడాడు. 2021 మార్చిలో సెయింట్ లూయిస్‌లో 165 పౌండ్ల ఫైనల్‌కు వచ్చి గెలిచాడు. ఆ రోజు అతను వేసుకున్న నల్ల సింగ్లెట్ (కుస్తీలో వేసుకునే బిగుతు దుస్తు) మీద కాలేజీ పేరు లేదు, గుర్తు లేదు. గ్యాలరీలో ఇతర కాలేజీల అభిమానులు కూడా లేచి చప్పట్లు కొట్టారు. రెండు నెలల తర్వాత, మే నెలలో, స్టాన్‌ఫర్డ్ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది.